మౌస్‌కు తగిన ప్యాడ్: ఎంచుకోవడం, పరీక్షించడం, శుభ్రంగా ఉంచుకోవడం

"మౌస్ సరిగ్గా జరగడం లేదు, మంచి ప్యాడ్ ఏదో చెప్పండి" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. గుంటూరులో అకౌంట్స్ చూసుకునేవాళ్లు, విజయవాడలో డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కట్టే పని) చేసేవాళ్లు, హాస్టల్ గదుల్లో గేమ్స్ ఆడే పిల్లలు, అందరిదీ ఇదే ప్రశ్న. ఒక ప్యాడ్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ మీ మౌస్ ఏమిటో, టేబుల్ ఎలాంటిదో, పని ఏమిటో తెలియకుండా చెప్పిన పేరు ఎవరికీ ఉపయోగపడదు.

అన్నిటికంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కర్సర్ వణుకుతోందా, గెంతుతోందా, ఉన్నట్టుండి ఆగిపోతోందా? అయితే మీ మౌస్ సెన్సర్‌కు కింది ఉపరితలం సరిగ్గా కనిపించడం లేదు. కర్సర్ బాగానే కదులుతోంది గానీ అనుకున్న చోట ఆగడం లేదా? సాయంత్రానికి చెయ్యి లాగేస్తోందా? అయితే అది రాపిడికి సంబంధించిన సమస్య. ఈ రెండింటికీ మందు వేరు. ఇది తేల్చుకోకుండా ప్యాడ్ కొంటే డబ్బు ఖర్చవుతుంది, సమస్య అక్కడే ఉంటుంది.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు రోజూ వాడే మౌస్. షాపుకు కూడా దీన్నే తీసుకెళ్లాలి
- గీతల్లేని తెల్లటి ఏ4 కాగితాలు రెండు
- 30 సెంటీమీటర్ల స్కేలు
- పరీక్ష అట్ట
- పాత సీడీలు రెండు
- లావుపాటి పుస్తకం ఒకటి
- పొడి మెత్తటి గుడ్డ, ఇయర్ బడ్స్, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్

పరీక్ష అట్ట ఎందుకో తరవాత చెబుతాను. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే అడిగి తీసుకోండి, మళ్లీ ఇచ్చేయొచ్చు.

2. మౌస్‌ను తిరగేసి చూడండి

మౌస్ కింద ఉన్న సెన్సర్ ఒక చిన్న కెమెరా. పక్కనున్న ఎల్‌ఈడీ లేదా లేజర్ వెలుగులో అది కింది ఉపరితలాన్ని సెకనుకు వేలసార్లు ఫొటో తీస్తుంది. ఒక ఫొటోకూ తరవాతి ఫొటోకూ మధ్య గరుకులు, నీడలు ఎంత పక్కకు జరిగాయో లెక్కవేసి కర్సర్‌ను అంత జరుపుతుంది. కాబట్టి దానికి కావాల్సింది గుర్తుపట్టడానికి వీలైన గరుకు. ఉపరితలం అద్దంలా నున్నగా ఉన్నా, వెలుగు తళుక్కున తిరిగి కొట్టినా, లోపలికి దూరిపోయినా లెక్క తప్పుతుంది.

ఎర్ర వెలుగు కనిపిస్తే అది మామూలు ఎల్‌ఈడీ ఆప్టికల్ మౌస్. ఏ వెలుగూ కనిపించకపోతే లేజర్ అయినా కావచ్చు, ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ అయినా కావచ్చు. కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, చదవండి. వెలుగు కనబడటం లేదని ఆ రంధ్రంలోకి కన్ను పెట్టి చూడొద్దు.

ఇప్పుడు సెన్సర్ రంధ్రంలో వెంట్రుక గానీ నూగు గానీ ఉందేమో చూడండి. ఒక్క సన్నని దూది పోగు అడ్డం పడినా కర్సర్ దానంతటదే పక్కకు జారుతుంది. పొడి ఇయర్ బడ్‌తో మెల్లగా తీసేయండి. లోపలికి నీళ్లు, స్ప్రేలు కొట్టొద్దు.

తరవాత అడుగున ఉన్న జారుడు ముక్కలు. వీటిని ఫీట్ అనీ స్కేట్స్ అనీ అంటారు. మంచివి పీటీఎఫ్ఈతో చేస్తారు, అంటే మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండే టెఫ్లాన్ పదార్థమే. చవక మౌస్‌లలో మామూలు ప్లాస్టిక్ ముక్కలుంటాయి. ఏడాదిగా తుడవని మౌస్ అయితే ఫీట్ అంచుల చుట్టూ నల్లగా, మైనంలాంటి వరస కనిపిస్తుంది. చెమట, చర్మం, దుమ్ము కలిసి గట్టిపడిన మట్టి అది. గోటితో గీకితే చుట్టలా లేచి వస్తుంది. ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ప్యాడ్ పాడైందని అనుకున్న చాలామందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

ఫీట్ అరిగిపోయి మౌస్ ప్లాస్టిక్ అడుగు ప్యాడ్‌కు తగులుతుంటే ఏ ప్యాడ్ తెచ్చినా ఫలితం ఉండదు. ముందు ఫీట్ మార్చాలి. ఆ పద్ధతి చివర్లో ఉంది.

3. విండోస్ సెట్టింగ్స్‌ను ఒక దారికి తేవాలి

సెట్టింగ్స్ గజిబిజిగా ఉంటే పరీక్షలన్నీ తప్పు ఫలితమే ఇస్తాయి. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ అండ్ డివైజెస్‌లో మౌస్‌కు వెళ్లండి. అక్కడి నుంచి అడిషనల్ మౌస్ సెట్టింగ్స్, అందులో పాయింటర్ ఆప్షన్స్ ట్యాబ్.

- స్పీడ్ స్లైడర్‌లో మొత్తం 11 గీతలుంటాయి. సరిగ్గా మధ్యలో, అంటే ఆరో గీత మీద పెట్టండి
- "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" దగ్గర టిక్ తీసేయండి
- మౌస్ మీద డీపీఐ (మౌస్ ఒక అంగుళం జరిగితే కర్సర్ ఎన్ని పిక్సెళ్లు జరగాలో చెప్పే అంకె) బటన్ ఉంటే ఒక విలువ దగ్గర నిలిపి, పరీక్షలు అయ్యేదాకా మార్చొద్దు

ఆ టిక్ ఎందుకు తీయాలంటే, అది ఉన్నప్పుడు చెయ్యి వేగాన్ని బట్టి కర్సర్ దూరం మారుతుంది. మెల్లగా 5 సెంటీమీటర్లు జరిపితే ఒక దూరం, విసురుగా అంతే జరిపితే ఇంకో దూరం. అప్పుడు తేడా ప్యాడ్ వల్ల వచ్చిందా, విండోస్ వల్ల వచ్చిందా తెలియదు. టిక్ తీసిన మొదటి రెండు మూడు రోజులు చేతికి కొత్తగా ఉంటుంది. అలవాటు అయ్యాక చాలామంది మళ్లీ పెట్టుకోరు. పెట్టుకోవాలనిపిస్తే పరీక్షలయ్యాక పెట్టుకోండి, తప్పేమీ లేదు.

4. తెల్ల కాగితం పరీక్షలు

ఒక్క కాగితం ముక్క ఇంత పని చేస్తుందని చాలామందికి తెలియదు. మెరుపు లేని మామూలు తెల్ల కాగితంలో సన్నని నారలుంటాయి, దాదాపు ప్రతి సెన్సర్‌కూ అవి బాగా కనిపిస్తాయి. కాబట్టి కాగితం మీద మౌస్ బాగా పనిచేసి, మీ టేబుల్ మీదో పాత ప్యాడ్ మీదో పనిచేయకపోతే తప్పు ఉపరితలానిది. కాగితం మీద కూడా తిప్పలు పెడితే తప్పు మౌస్‌దో, కనెక్షన్‌దో.

నెమ్మది గీత: పెయింట్ తెరిచి పెన్సిల్ తీసుకోండి. కాగితం మీద మౌస్‌తో వీలైనంత నెమ్మదిగా ఏటవాలు గీత గీయండి, ఆ తరవాత ఒక పెద్ద సున్నా చుట్టండి. చెయ్యి వణుకు వల్ల వచ్చే వంకర సాగినట్టు ఉంటుంది. సెన్సర్ తప్పు అయితే గీత పక్కనే పళ్లలా చిన్నచిన్న మొనలు వస్తాయి, లేదా మధ్యలో గీత తెగి ఇంకో చోట మొదలవుతుంది. ఇదే మీ టేబుల్ మీదా, పాత ప్యాడ్ మీదా చేసి మూడు గీతలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కళ్లముందు ఉంటుంది.

వెళ్లి రావడం: లావు పుస్తకాన్ని కదలకుండా పెట్టి, మౌస్ ఎడమ పక్కను దానికి ఆనించండి. మౌస్‌ను కాస్త పైకెత్తి సర్దుకుంటూ కర్సర్‌ను స్క్రీన్ ఎడమ వైపున్న ఒక ఐకాన్ అంచు మీదకు తెచ్చి మళ్లీ ఆనించండి. ఇప్పుడు మౌస్‌ను 4 సెంటీమీటర్లు కుడికి విసురుగా లాగి, మెల్లగా వెనక్కి తెచ్చి పుస్తకానికి ఆనించండి. కర్సర్ అదే ఐకాన్ అంచుకు దగ్గరగా రావాలి. లాగినప్పుడు కర్సర్ స్క్రీన్ కుడి అంచుకు గుద్దుకోకూడదు, గుద్దుకుంటే లెక్క పోతుంది, దూరం తగ్గించి చేయండి. అయిదారుసార్లు చేసినా ప్రతిసారీ ఒక్కో చోట ఆగుతుంటే ఆ ఉపరితలం మీద మీ సెన్సర్ వేగాన్ని అందుకోలేకపోతోంది.

వైర్‌లెస్ మౌస్ అయితే ఇంకొకటి కూడా చూడాలి. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు అడ్డం వస్తాయి. అప్పుడు కర్సర్ ఆగి ఆగి వెళుతుంది, చూడ్డానికి అచ్చం ప్యాడ్ తప్పులానే ఉంటుంది. రిసీవర్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో మౌస్‌కు దగ్గరగా తెచ్చి చూడండి. బాగుపడితే ప్యాడ్ కొనే పని లేదు.

5. టేబుల్ ఎలాంటిది?

అద్దం వేసిన టేబుల్: మన ఆఫీసుల్లో అద్దం కింద ఫోన్ నంబర్ల కాగితం, దేవుడి పటం పెట్టడం మామూలు. ఎల్‌ఈడీ వెలుగు అద్దంలోంచి కిందకు దూరిపోతుంది, కొంత పైనుంచి మెరుస్తుంది. ప్యాడ్ తప్పనిసరి. లాజిటెక్ కంపెనీ మౌస్‌లలో డార్క్‌ఫీల్డ్ సెన్సర్ ఉన్నవి మాత్రం కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉన్న అద్దం మీద పనిచేసేలా తయారుచేశారు.

మెరిసే సన్‌మైకా, పాలిష్ గ్రానైట్: ఎల్‌ఈడీ మౌస్‌కు ఇబ్బందే. లేజర్ కొంత నయం. మెరుపు లేని సన్‌మైకా అయితే సెన్సర్‌కు బాగానే ఉంటుంది, కానీ ఫీట్ త్వరగా అరుగుతాయి.

కడప బండ పరిచిన గూడు: గరుకు ఎక్కువ. సెన్సర్ బాగా చదువుతుంది, ఫీట్ మాత్రం గీసుకుపోతాయి. ప్యాడ్ వేయండి.

6. సర్ఫేస్ ఎంపిక: ఏ మౌస్‌కు ఏది

కొనడానికి దొరికేవి స్థూలంగా ఇవి: రబ్బరు అడుగున్న క్లాత్ ప్యాడ్, గట్టి ప్లాస్టిక్ ప్యాడ్, గరుకు పెట్టిన గాజు ప్యాడ్, తోలులా కనిపించే డెస్క్ మ్యాట్, అల్యూమినియం ప్యాడ్. ఇవి కాక కంపెనీలు ఉచితంగా పంచే, పైన ఫొటో అతికించి లామినేషన్ చేసిన సన్న ప్యాడ్లు.

ముందుగా ఈ చివరిదాని సంగతి. హాస్పిటళ్లలో, మెడికల్ షాపుల్లో ఎక్కడ చూసినా ఇవే. లామినేషన్ మెరుస్తుంది, కింద స్పాంజి మెత్తగా కుంగుతుంది. పైగా బొమ్మలో ముదురు రంగు నుంచి తెలుపులోకి మారే చోట పాత సెన్సర్లు తడబడతాయి. ఉచితంగా వచ్చిందని రోజుకు 8 గంటలు దీనిమీద పనిచేయడం మంచిది కాదు. దీన్ని తిరగేసి చూడండి, వెనక రబ్బరు వైపు మీదే మౌస్ మెరుగ్గా కదిలితే ముందు వైపు ఎంత పనికిమాలినదో అర్థమవుతుంది.

క్లాత్ ప్యాడ్లలో రెండు రకాలు. నేత కాస్త మందంగా, గరుకుగా ఉన్నది "కంట్రోల్". మౌస్ కదలడానికి, ఆగడానికి కొంచెం బిగువు ఉంటుంది. నేత నున్నగా, బిగుతుగా ఉన్నది "స్పీడ్". వేలితో తాకినా తెలుస్తుంది. ఎల్‌ఈడీ, ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లకు క్లాత్ చాలా నమ్మకమైన ఉపరితలం. ఏది కొనాలో తెలియనివాళ్లకు నేను చెప్పేది అంచులు కుట్టిన, ఒకే రంగు క్లాత్ ప్యాడ్. నలుపు, బూడిద ఏదైనా పర్వాలేదు.

లేజర్ మౌస్‌లు మెరిసే చోట్ల పనికొస్తాయి గానీ, మెత్తటి క్లాత్ మీద కొన్ని తడబడతాయి. లేజర్ వెలుగు నేత లోతుల్లోని పోగుల్ని కూడా చూస్తుంది, దాంతో వేగం మారినప్పుడు లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది. వాటికి గట్టి, సన్న గరుకు ఉన్న ప్లాస్టిక్ ప్యాడ్ మేలు.

గాజు ప్యాడ్ అంటే టేబుల్ అద్దం కాదు. దాని పైభాగాన్ని సన్నగా గరుకు చేస్తారు, కింద రంగు పూత ఉంటుంది. చాలా వేగంగా జారుతుంది, తుడవడం తేలిక, ఏళ్ల తరబడి అలానే ఉంటుంది. ఖరీదు మాత్రం క్లాత్‌లా వందల్లో కాకుండా వేలల్లో ఉంటుంది. అన్ని సెన్సర్లూ దీని మీద సరిగ్గా చదవవు. మౌస్ తయారీదారు గాజు మీద పనిచేస్తుందని చెప్పకపోయినా, మీరు స్వయంగా పరీక్షించకపోయినా కొనొద్దు.

అల్యూమినియం చూడ్డానికి బాగుంటుంది, చేతికి గట్టిగా, శబ్దంగా ఉంటుంది, ఫీట్‌ను తినేస్తుంది. దీన్ని కొనమని నేను ఎవరికీ చెప్పను.

ఇక బరువు. 60 గ్రాముల దగ్గరుండే తేలిక గేమింగ్ మౌస్‌ను మరీ జారే సర్ఫేస్ మీద పెడితే ఆపడం కష్టం, కంట్రోల్ క్లాత్ మీద పెడితే చేతిలో ఉంటుంది. అదే లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్ లాంటిది 141 గ్రాములు. దాన్ని మెత్తటి మందపాటి క్లాత్ మీద రోజంతా లాగితే భుజం నొప్పి వస్తుంది. దానికి స్పీడ్ క్లాత్ గానీ గట్టి మ్యాట్ గానీ సరిపోతుంది.

పనిని బట్టి చెప్పాలంటే, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకం పేజీలు కట్టేవాళ్లకు కర్సర్ ఒక్క పిక్సెల్ జరిగి ఆగడం ముఖ్యం. టెక్స్ట్ బాక్స్ మూలను పట్టుకుని గైడ్ గీతకు ఆనించేటప్పుడు మౌస్ మొదట కదలనని మొరాయించి, తరవాత ఒక్కసారిగా జరిగితే గీత దాటిపోతుంది. నిలబడి ఉన్న మౌస్‌ను కదిలించడానికి కావాల్సిన బలానికీ, కదిలాక సాగించడానికి కావాల్సిన బలానికీ మధ్య తేడా ఎక్కువ ఉన్న సర్ఫేస్ ఇలా చేస్తుంది. మురికి పట్టిన క్లాత్‌లో, తోలు రకం మ్యాట్‌లలో ఇది ఎక్కువ. డీటీపీ, ఫొటో పనికి శుభ్రమైన కంట్రోల్ క్లాత్, 3 మిల్లీమీటర్ల మందం బాగుంటుంది.

ట్యాలీలో ఎంట్రీలు వేసేవాళ్లకు చెయ్యి ఎక్కువగా కీబోర్డు మీదే ఉంటుంది. ఏ మామూలు క్లాత్ ప్యాడ్ అయినా చాలు.

గుంటూరులో మిర్చి కమీషన్ కొట్లలో, జిన్నింగ్ మిల్లు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు మాత్రం నా సలహా వేరు. మిర్చి పొడి, పత్తి నూగు క్లాత్ నేతలో కూరుకుపోతాయి, దులిపినా పోవు. అక్కడ తడిగుడ్డతో తుడిచేయగల గట్టి ప్లాస్టిక్ ప్యాడ్ వాడండి.

అన్నిచోట్లా చూసుకోవాల్సింది మన వాతావరణం. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లు, వానాకాలంలో గాలి నిండా తేమ. అప్పుడు క్లాత్ ప్యాడ్ బరువుగా జరుగుతుంది. ఎండాకాలంలో ముంజేతి చెమట ప్యాడ్‌కు పడుతుంది. గాజు, ప్లాస్టిక్ మీద మౌస్ వేగం పెద్దగా మారదు గానీ, చెమట పట్టిన చర్మం అతుక్కుంటుంది. ఏసీ లేని గదిలో గట్టి ప్యాడ్ వాడేవాళ్లు ముంజేతికి సన్నని స్లీవ్ తొడుక్కుంటే హాయిగా ఉంటుంది. అక్టోబరులో బాగాలేదని పక్కన పడేసిన క్లాత్ ప్యాడ్ జనవరిలో బాగుండవచ్చు, పారేయొద్దు.

7. సైజు, మందం

సైజును లెక్కవేసుకోవచ్చు. స్లైడర్ మధ్యలో ఉండి, టిక్ తీసేసి ఉంటే స్క్రీన్ వెడల్పు పిక్సెళ్లను డీపీఐతో భాగించాలి. 1920 పిక్సెళ్ల స్క్రీన్, 1000 డీపీఐ మౌస్ అయితే 1.92 అంగుళాలు, అంటే దాదాపు 5 సెంటీమీటర్లు జరిపితే కర్సర్ ఈ చివర నుంచి ఆ చివరకు వెళుతుంది. 800 డీపీఐ అయితే 6 సెంటీమీటర్లు.

అంటే ఆఫీసు పనికి 24 × 20 సెంటీమీటర్ల ప్యాడ్ ధారాళంగా సరిపోతుంది. గేమ్‌లో సెన్సిటివిటీ తగ్గించుకుని, ఒక్క చుట్టు తిరగడానికి 30 సెంటీమీటర్లు దాటి చెయ్యి ఊపేవాళ్లకు 45 × 40 కావాలి. కీబోర్డు కింద దాకా పరిచే 90 × 40 మ్యాట్ బాగుంటుంది గానీ ఉతకడం పెద్ద పని, ఆరేసే చోటు కూడా చూసుకోండి.

మందం 2 మిల్లీమీటర్లు అయితే సన్‌మైకా అతుకు, టేబుల్ గీతలు చేతికి తెలుస్తాయి. 3 నుంచి 4 అందరికీ సరిపడుతుంది. 5, 6 మెత్తగా ఉంటాయి, కానీ మౌస్‌ను గట్టిగా నొక్కే అలవాటు ఉన్నవాళ్లకు ఫీట్ కుంగి కదలిక బరువెక్కుతుంది.

మణికట్టు కింద జెల్ దిండు ఉన్న ప్యాడ్లు అడిగేవాళ్లున్నారు. మణికట్టు మధ్యలో నొక్కుకుంటే లోపలి నరానికి మంచిది కాదు. వాడాలనుకుంటే అరచేతి మడమ దాని మీద ఉండేలా, పని ఆపినప్పుడు మాత్రమే ఆనించండి.

8. షాపులో

విజయవాడ గవర్నర్‌పేటలో అయినా, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అయినా మౌస్ మీ చేతిలో ఉంటే సగం పని అయినట్టే. కౌంటర్ దగ్గర కుర్రాడిని "తమ్ముడూ, కవర్ తీసిన పీస్ ఏదైనా ఉంటే ఒకసారి చూపించు" అని అడగండి. రద్దీ లేని వేళ, పొద్దున్నే వెళ్తే ఓపిగ్గా చూపిస్తారు.

పరీక్ష అట్ట ఇప్పుడు పనికొస్తుంది. ప్యాడ్‌ను అట్ట మీద వేసి, స్విచ్ ఆపిన మౌస్‌ను పైభాగాన పెట్టండి. అట్ట ఒక చివరను మెల్లగా ఎత్తండి. మౌస్ జారడం మొదలైన ఎత్తు ఎంతో స్కేలుతో చూడండి. తక్కువ ఎత్తులోనే జారితే వేగం ఎక్కువ, ఎక్కువ ఎత్తాల్సి వస్తే బిగువు ఎక్కువ. వైరున్న మౌస్ అయితే వైరు బరువు లాగకుండా వదులుగా పట్టుకోండి. ఇంట్లో పాత ప్యాడ్‌తో ఇదే చేసి ఆ కొలత రాసుకుని వెళ్తే, దానికంటే వేగం కావాలో బిగువు కావాలో షాపులోనే తేలిపోతుంది.

- అడుగు రబ్బరును టేబుల్ మీద పెట్టి పక్కకు నెట్టండి, జారకూడదు
- అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మౌస్ జరపండి. రెండు వైపులా ఒకేలా ఉండాలి. కొన్ని నేతల్లో తేడా ఉంటుంది
- అంచు కుట్టు పైకి ఉబ్బి మణికట్టుకు గుచ్చుకోకూడదు
- చుట్టి ఉంచిన ప్యాడ్ విప్పితే చదునుగా పడాలి. మడత పెట్టినది తీసుకోవద్దు
- బొమ్మలున్నదైతే అతికించిన పొరా, నేతలోకి ఎక్కిన రంగా అన్నది గోటితో అంచు దగ్గర చూడండి

9. ఇంటికి తెచ్చాక

టేబుల్‌ను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. దుమ్ము మీద వేస్తే ప్యాడ్ జారుతుంది. కొత్త రబ్బరు వాసన ఉంటే ఒకరోజు ఫ్యాన్ కింద పరిచి ఉంచండి.

నాలుగో అంచెలోని రెండు పరీక్షలూ కొత్త ప్యాడ్ మీద చేయండి. రేజర్ సినాప్స్ లాంటి మౌస్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో సర్ఫేస్ క్యాలిబ్రేషన్ (సెన్సర్‌ను ఆ ప్యాడ్‌కు తగ్గట్టు సర్దడం) ఉంటే ఇప్పుడు చేసుకోవాలి. పాత ప్యాడ్‌కు చేసినది దీనికి పనికిరాదు.

గేమ్స్ ఆడేవాళ్లు మౌస్ ఎత్తినప్పుడు కర్సర్ ఎంత ఎత్తు వరకు కదులుతోందో కూడా చూడాలి. రెండు సీడీలను రెండు వేళ్ల ఎడంతో ప్యాడ్ మీద పెట్టి, ముందు ఫీట్ ఒక సీడీ మీద, వెనక ఫీట్ ఇంకోదాని మీద, సెన్సర్ ఆ ఖాళీ మీద ఉండేలా పెట్టండి. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. కొద్దిగా కదిపితే కర్సర్ కదలకపోతే మంచిది. కదిలితే సాఫ్ట్‌వేర్‌లో లిఫ్ట్ ఆఫ్ డిస్టెన్స్ తగ్గించండి.

తరవాత కనీసం ఒక వారం డీపీఐ ముట్టుకోవద్దు. ప్యాడ్ కొత్తదై, సెట్టింగ్ కూడా రోజూ మారుతుంటే చేతికి ఏదీ అలవాటు కాదు.

10. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

కొత్త ప్యాడ్ మీద గురి దాటిపోతోంది: సర్ఫేస్ వేగం పెరిగింది. డీపీఐని ఒక మెట్టు తగ్గించండి. వారం తర్వాత కూడా అలానే ఉంటే ప్యాడ్ మీ చేతికి తగినది కాదు.

ప్యాడ్ మధ్యలో బరువుగా, అంచుల్లో తేలిగ్గా జరుగుతోంది: చెయ్యి ఎప్పుడూ ఆడే చోట నేత అరిగింది లేదా మురికి పట్టింది. ముందు ఉతకండి. ఉతికినా మెరుస్తూ కనిపిస్తే అరిగినట్టే, ప్యాడ్‌ను అడ్డం తిప్పి వేసుకుంటే ఇంకొన్నాళ్లు వస్తుంది.

కర్సర్ ఏటవాలుగా వెళుతోంది: ప్యాడ్ జోలికి వెళ్లకముందు మౌస్‌ను పట్టుకునే కోణం చూడండి. మౌస్ వంకరగా ఉంటే కర్సరూ వంకరే.

ప్యాడ్ మూలలు లేచాయి: తిరగేసి, మూలల మీద పుస్తకాలు బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఇస్త్రీపెట్టె పెట్టొద్దు.

గీరుతున్న శబ్దం: ఫీట్ కింద ఇసుక రేణువు. వెంటనే తుడవండి, గాజు, ప్లాస్టిక్ ప్యాడ్లకు అది గీతలు పెడుతుంది.

11. ఉతకడం

క్లాత్ ప్యాడ్‌ను వారానికోసారి తడిపి పిండిన గుడ్డతో తుడవండి. జరగడం బరువెక్కిందనిపించినప్పుడు ఉతకండి.

- బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా షాంపూ లేదా గిన్నెలు తోమే లిక్విడ్
- మెత్తటి బ్రష్‌తో నేత వెంట, గట్టిగా నొక్కకుండా రుద్దాలి
- నురగ పూర్తిగా పోయేదాకా కడగాలి. సబ్బు మిగిలితే ప్యాడ్ మునుపటికంటే బరువుగా జరుగుతుంది
- పిండొద్దు, మెలిపెట్టొద్దు. తువ్వాలులో చుట్టి అదిమితే నీరు దిగుతుంది
- నీడలో, చదునుగా, ఫ్యాన్ కింద ఆరబెట్టాలి

మన మే నెల ఎండలో పిట్టగోడ మీద ఆరేస్తే రబ్బరు వంకరపోతుంది, కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి. వాషింగ్ మెషీన్ వద్దు. లైట్లున్న ప్యాడ్‌ను నీళ్లలో ముంచొద్దు. వానాకాలంలో ఆరడానికి రోజు పైనే పడుతుంది, లోపల తడి ఉండగా వాడితే బూజు వాసన పట్టుకుంటుంది. ఆ రోజుకు తెల్ల కాగితం మీద పని చేసుకోండి.

గాజు, ప్లాస్టిక్, తోలు రకాలకు తడిగుడ్డ, తరవాత పొడిగుడ్డ చాలు.

12. ఫీట్ మార్చడం

మీ మౌస్ మోడల్‌కు సరిపోయే ఫీట్ సెట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మోడల్ దొరకకపోతే గుండ్రటి చుక్కల్లాంటివి తీసుకోవచ్చు. మందం సాధారణంగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు. కొన్ని మౌస్‌లకు స్క్రూలు ఫీట్ కిందే ఉంటాయి, వాటిని కదిలించకండి.

- మౌస్ వైరు లేదా బ్యాటరీ తీసేయండి
- హెయిర్ డ్రైయర్‌తో పాత ఫీట్ మీద కాసేపు వెచ్చగా గాలి కొట్టండి, సెన్సర్ వైపు కాదు
- ప్లాస్టిక్ కార్డు అంచుతో ఒక మూల లేపి మెల్లగా లాగండి
- మిగిలిన జిగురును ఆల్కహాల్‌తో పూర్తిగా తీయండి. జిగురు ఉన్నచోట కొత్త ఫీట్ ఎత్తుపల్లాలుగా కూర్చుంటాయి
- కొత్త వాటి వెనక కాగితం తీసి, పైన రక్షణ పొర ఉంటే అదీ తీసి, గుంటలో సరిగ్గా పెట్టి అరనిమిషం అదమండి

చాలామంది ఆ పై రక్షణ పొర తీయడం మర్చిపోయి ఫీట్ బాగాలేవని వెనక్కి పంపుతుంటారు. నీలం రంగులోనో, పారదర్శకంగానో ఉంటుంది, గోటితో చూసుకోండి.

అతికించాక మౌస్‌ను చదునైన అద్దం మీద పెట్టి మూలలు ఒక్కొక్కటిగా నొక్కండి. ఊగకూడదు. కొత్త ఫీట్ మొదటి కొన్ని రోజులు కాస్త గరుకుగా అనిపిస్తాయి, అంచులు నునుపెక్కాక సర్దుకుంటాయి. మౌస్ ఎత్తు కొద్దిగా మారి ఉంటుంది కాబట్టి క్యాలిబ్రేషన్, సీడీ పరీక్ష, నెమ్మది గీత మూడూ మళ్లీ చేసి, అట్ట మీద జారే ఎత్తును కొత్తగా కొలిచి ప్యాడ్ వెనక మార్కర్‌తో తేదీతో సహా రాసి పెట్టుకోండి.